పాలకన్నా ముందు వెచ్చదనం

నా చిన్నప్పుడు మా పిన్ని, బాబాయి అల్పాకాలు పెంచేవారు. ఈ మాట చెప్తే మా అమ్మాయి స్నేహితులు ముందు నవ్వుతారు, తర్వాత ఫోటోలు అడుగుతారు. ఫోటోలు ఉన్నాయి కానీ వాటిలో తెలిసేది తక్కువ. పొడుగు మెడ, గుండ్రటి కళ్ళు, నుదుటి మీద దువ్వని జుట్టు, ఎవరో ఏదో అన్నారన్నట్టు ఎప్పుడూ ముడుచుకున్న మూతి. గొర్రెకన్నా పెద్దవి, ఒంటెకి చుట్టాలు, ఉన్ని కోసం పెంచుతారు. అవి అరవడం అరుదు. గొంతులోనే సన్నగా 'హమ్' అంటూ ఉంటాయి, వంట చేసుకుంటూ కూనిరాగం తీసే మనిషిలాగా. ఆ చప్పుడు ఫోటోలో ఎలాగూ రాదు.

మేము అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడి నుంచి కారులో తూర్పుగా కొండల వైపు వెళ్తే కొంతసేపటికి ఇళ్ళు పలచబడి, ఎప్పుడూ తడిగా ఉండే పచ్చిక బయళ్ళు మొదలవుతాయి. అక్కడ ఒక పాత ఇల్లు, దాని వెనక రంగు వెలిసిన కొట్టం, చుట్టూ కంచె ఉన్న నేల తీసుకుని పిన్ని వాళ్ళు స్థిరపడ్డారు. బాబాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానలేదు. పిన్ని మాత్రం బయోటెక్ ల్యాబ్‌లో తన పనిని వారానికి రెండు రోజులకి తగ్గించుకుని, తక్కిన రోజులన్నీ రబ్బరు బూట్లు వేసుకుని ఆ జీవాల మధ్యే గడిపేది. మా తెలుగువాళ్ళ విందుల్లో ఎవరు ఏ కంపెనీకి మారారు, ఎవరికి గ్రీన్ కార్డ్ వచ్చింది అని గట్టిగానే మాట్లాడుకునేవారు. మా పిన్ని ప్రసక్తి వస్తే మాత్రం గొంతులు తగ్గేవి.

అందరికన్నా ఎక్కువ బాధ మా అమ్మది. అమ్మ పిన్నికన్నా చాలా పెద్ద. పిన్నికి జడలు వేసింది అమ్మే, ఎక్కాలు చెప్పింది అమ్మే, వెంటపడి అప్లికేషన్లు పెట్టించి అమెరికా రప్పించిందీ అమ్మే. అమ్మ ప్రేమ ఎప్పుడూ రెండు దారుల్లోనే బయటికి వచ్చేది, ఒకటి తిండి, రెండోది తిట్టు. పిన్ని ఇంటికి వెళ్ళినప్పుడల్లా పచ్చళ్ళు, పొడులు, చేగోడీలు డబ్బాల నిండా తీసుకెళ్ళేది. ఆ డబ్బాలు బల్ల మీద పెడుతూనే, "పెంటికలు ఎత్తుకోవడానికేనే నువ్వు ఎమ్మెస్ చేసింది?" అనేది. పిన్ని నవ్వి చేగోడీ నోట్లో వేసుకునేది. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో అప్పుడు నాకు తెలియదు.

నేను చెప్పబోయే రోజుకి ముందు సంవత్సరం పిన్ని దగ్గర మొదటి అల్పాకా పిల్ల పుట్టింది, వారం తిరక్కుండానే చనిపోయింది. ఆ తల్లికి పాలు ఆలస్యంగా పడ్డాయి. ఈ పిల్లలు రోగాన్ని తట్టుకునే శక్తి ఏమీ లేకుండా పుడతాయి. ఆ శక్తి అంతా తల్లి మొదటి పాలలోనే ఉంటుంది, అదీ పుట్టిన కొద్ది గంటల్లో కడుపులో పడితేనే ఒంటికి పడుతుంది. ఆ తర్వాత కుండెడు పాలు తాగినా కడుపు నిండుతుందే కానీ ఆ రక్షణ రాదు. పిన్ని ల్యాబ్‌లో చేసే పని కూడా ఇలాంటి విషయాల మీదే. అన్నీ తెలిసి కూడా తన చేతుల్లోనే పిల్ల పోయిందని ఆవిడ చాలా రోజులు మనిషి కాలేకపోయింది. ఇంకొకటి ఇలా పోతే మందనంతా ఎవరికైనా ఇచ్చేస్తానని బాబాయితో తెగేసి చెప్పింది. పిల్ల పోయిందన్న సంగతి అమ్మకి తెలుసు. ఎందుకు పోయిందో అమ్మ అడగలేదు, పిన్ని చెప్పలేదు.

మళ్ళీ అలా జరగకూడదని పిన్ని ఒక ఏర్పాటు చేసుకుంది. అదే రోడ్డు మీద ఆవుల డైరీ ఉన్న ఒక ముసలాయన ఉండేవాడు, పిల్లలం ఆయన్ని డైరీ అంకుల్ అనేవాళ్ళం. ఆయన ఆవు ఈనినప్పుడు తీసిన మొదటి పాలు రెండు తెల్ల బాటిళ్ళలో పోయించుకుని పిన్ని ఫ్రీజర్‌లో దాచింది. అల్పాకా తల్లికి పాలు లేకపోతే ఆవు మొదటి పాలైనా పిల్లని కాస్తాయి. బాటిళ్ళ మీద ఏమీ రాయలేదు. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, ఇద్దరికీ తెలుసు, రాయవలసిన అవసరం ఏముంది.

ఆ చలికాలం చివర్లో ఒక శుక్రవారం సాయంత్రం అమ్మా నేనూ పిన్ని ఇంటికి వెళ్ళాం. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. బాబాయి ఆఫీసు పని మీద ట్రాయ్ అనే దూరపు ఊరికి వెళ్ళాడు, మా నాన్నకి ఆ వారం తీరిక లేదు. వచ్చిన కాసేపటికే అమ్మ ఫ్రీజర్ తెరిచి ఆ బాటిళ్ళు చూసింది. ఇవేమిటని పిన్నిని అడిగితే, బూట్లు విప్పుకుంటూ ఉన్న పిన్ని, డైరీ అంకుల్ ఇచ్చిన ఆవు మొదటి పాలు అని చెప్పి స్నానానికి వెళ్ళిపోయింది. అమ్మ మొహం వెలిగిపోయింది. మొదటి పాలని మన ఇళ్ళలో మరో పేరుతో పిలవం, జున్నుపాలనే అంటాం. జున్నుపాలు దొరికాయంటే బెల్లం, మిరియాలు ఎక్కడున్నాయన్నదే తర్వాతి ప్రశ్న. అమెరికా వచ్చాక అమ్మ జున్ను తినలేదు. చెల్లెలు తన కోసం సంపాదించి దాచిందనే అనుకుంది, పాపం, అందులో అనుమానించడానికి ఏముంది.

మర్నాడు పొద్దున సన్నగా, ఆగకుండా వాన. గాలి కోస్తోంది. టిఫిన్ తిని పిన్నితో పాటు నేను కొట్టంలోకి వెళ్ళాను. ఎండుగడ్డి వేస్తూ పిన్ని మందని చూసి ఆగిపోయింది. కాఫీ గింజ రంగులో ఉండే తొలిచూలు అల్పాకా ఒకటి లెక్కకి రాలేదు. ఇంకా కొన్ని వారాలకి గానీ ఈనవలసినది కాదు. ఇద్దరం వానలోకి వెళ్ళి చూస్తే కంచె మూల నిలబడి ఉంది, దాని కాళ్ళ దగ్గర బురదలో తడి గుడ్డ ముద్దలాంటిది పడి ఉంది. ఆ ముద్ద కదిలింది.

పిన్ని పరుగెత్తిన తీరు నాకు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. పిల్లని జాకెట్‌లో చుట్టి, తల్లిని వెంట నడిపించుకుంటూ కొట్టంలోకి తెచ్చింది. గడ్డి మీద పెట్టి తుడవడం మొదలుపెట్టింది. ఆవు దూడని నాకి ఆరబెడుతుంది, కుక్క పిల్లని నాకుతుంది. అల్పాకా నాకదు. వంగి వాసన చూస్తుంది, హమ్ అంటుంది, అంతే. ఎండ ఉన్న రోజైతే సూర్యుడే ఆరబెడతాడు. ఆ రోజు సూర్యుడు లేడు. పిల్ల చెవులు నానిన ఆకుల్లా వేలాడుతున్నాయి. పిన్ని దాని పెదవి ఎత్తి చూసింది, చిగుళ్ళలోంచి పళ్ళు ఇంకా పైకి రాలేదు. నెలలు నిండలేదని అర్థం. తర్వాత తన చిటికెన వేలు దాని నోట్లో పెట్టి, నా వైపు చూసి నన్నూ పెట్టమంది. పెట్టాను. ప్రాణం ఉన్నదాని నోరు వెచ్చగా ఉంటుందని అప్పటిదాకా నేను ఆలోచించి కూడా ఉండను. ఆ నోరు ఫ్రిజ్‌లోంచి తీసిన ద్రాక్షపండంత చల్లగా ఉంది. నాకు భయం వేసింది.

కార్డ్‌లెస్ ఫోన్ కొట్టం దాకా పనిచేసేది. పిన్ని పశువుల డాక్టరుకి ఫోన్ చేసింది. ఆవిడ ఎక్కడో గుర్రం కాన్పు దగ్గర చిక్కుకుని ఉంది, మధ్యాహ్నం దాటితే కానీ రాలేనంది. ముందు ఆరబెట్టి వెచ్చబెట్టు, వెచ్చబడ్డాక మొదటి పాలు పట్టు అని చెప్పింది. పిన్ని తల్లి పొదుగు చూసింది. జిగురుగా రెండు చుక్కలు వచ్చి ఆగిపోయాయి. అప్పుడు నాతో, "ఫ్రీజర్‌లో రెండు వైట్ బాటిల్స్ ఉన్నాయి కదా, తీసుకురా నాన్నా. టవల్స్ అన్నీ డ్రయర్‌లో వేసి హీట్ చేయమని అమ్మకి చెప్పు" అంది. గొంతులో తొందర ఉంది కానీ కంగారు లేదు. బాటిళ్ళున్నాయన్న ధైర్యం అది.

వంటింట్లోకి అడుగుపెట్టేసరికి బెల్లం, యాలకుల వాసన గుప్పున కొట్టింది. ఫ్రీజర్ తెరిస్తే బఠాణీలు, ఐస్‌క్రీమ్, ఇంకేవో పొట్లాలు. బాటిళ్ళు లేవు. ఏం కావాలే అని అమ్మ అడిగింది. వైట్ బాటిల్స్ అన్నాను. అమ్మ ముసిముసిగా నవ్వి, స్టవ్ మీద వెయిట్ పెట్టకుండా ఆవిరి వదులుతున్న కుక్కర్‌ని చూపించింది. "ఇంకో పది నిమిషాలు ఆగమని చెప్పు మీ పిన్నిని. వేడివేడిగా తెస్తాను" అంది. రెండు బాటిళ్ళూ సింకులో ఉన్నాయి, కడిగి బోర్లించి.

బేబీ పుట్టింది, దానికి ఆ పాలు కావాలట అని నాకు వచ్చిన తెలుగులో చెప్పాను. అమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమవగానే ముందు చేసిన పని గబుక్కున స్టవ్ ఆపడం, ఆపితే అది మళ్ళీ పాలైపోతుందన్నట్టు. తర్వాత చెప్పుల్లేకుండా, కోటు లేకుండా, చుడీదార్‌తోనే వానలో కొట్టం వైపు పరుగెత్తింది. నేను టవల్స్ డ్రయర్‌లో పడేసి వెనకాలే పోయాను.

అమ్మ గుమ్మంలో నిలబడి, "రెండూ పోసేశానే. నాకు తెలీదే" అంది. పిన్ని చేతులు పిల్ల మీద ఆగిపోయాయి. ఆవిడ మొహంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. కిందటి సంవత్సరం పోయిన పిల్ల ఆ క్షణంలో ఆవిడ కళ్ళ ముందు ఉండే ఉంటుంది. నేను తిట్టు కోసం ఎదురు చూశాను. మా ఇంట్లో అయితే ఈపాటికి ఇల్లు ఎగిరిపోయేది. పాల గ్లాసు ఒలికితేనే మా అమ్మ సాయంత్రం దాకా ఆ సంగతి వదలదు. తిట్టడానికి ఇంతకన్నా న్యాయమైన సందర్భం నేను పుట్టాక చూడలేదు.

పిన్ని లేచింది. మేకుకి తగిలించి ఉన్న బాబాయి మందపాటి జాకెట్ తీసి అమ్మకి తొడిగింది. తన పొడి సాక్సులు అమ్మ చేతిలో పెట్టింది. గడ్డి మోపు మీద కూర్చోబెట్టి, తడి తుడిచిన పిల్లని ఎత్తి అమ్మ పొట్టకి ఆనించి, పైన జాకెట్ జిప్ లాగింది. "నీ ఒళ్ళు వేడిగా ఉంటుంది అక్కా. దీనికి ఇప్పుడు కావలసింది అదే. పాలున్నా ఇప్పుడు పట్టలేం. ముందు వేడెక్కాలి" అంది. జంతువుల వాసన పడదని కొట్టం గడప ఎన్నడూ దాటని మనిషి, బురదా మాయా అంటిన పిల్లని రెండు చేతులా పొదివి పట్టుకుని కూర్చుంది.

తర్వాత పిన్ని డైరీ అంకుల్ ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య తీసింది. ఆయన దూరపు పొలంలో ఉన్నాడు, మొదటి పాలు ఫ్రీజర్‌లో ఇంకా మిగిలాయో లేదో ఆవిడకి తెలియదు, వెతికి చెప్తానంది. ఫోన్ పెట్టేశాక కొట్టంలో వాన చప్పుడు, తల్లి అల్పాకా హమ్ తప్ప ఇంకేమీ లేదు. నేను డ్రయర్ దగ్గరికీ కొట్టానికీ మధ్య తిరుగుతూ వేడి టవల్స్ తెచ్చి ఇస్తున్నాను, చల్లారినవి పట్టుకుపోతున్నాను. పిన్ని ప్లాస్టిక్ సీసాల్లో వేడినీళ్ళు పోసి, గుడ్డలు చుట్టి, జాకెట్ లోపల పిల్లకి రెండు పక్కలా సర్దింది. మధ్యమధ్య థర్మామీటర్ పెట్టి చూసేది. చూసి, దులిపి మళ్ళీ పెట్టేది.

మా అమ్మ ఎంతసేపని ఊరుకుంటుంది. ఎదురుగా పసిప్రాణి ఆకలితో ఉంటే ఏమీ పెట్టకుండా కూర్చోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు. చెంచాడు పంచదార నీళ్ళైనా పోద్దామంది. పిన్ని వద్దంది. నోరు ఎండిపోతోందే అంది. "ఇప్పుడు పోస్తే మింగలేదు అక్కా. లంగ్స్‌లోకి పోతుంది" అని పిన్ని చెప్పింది. కాసేపటికి అమ్మ మళ్ళీ అడిగింది. పిన్ని మళ్ళీ వద్దంది. అప్పుడు అమ్మ ఒక మాట అంది. "నువ్వు కన్నతల్లివి కాదు. నీకేం తెలుస్తుందే పిల్లల ఆకలి."

పిన్నికి పిల్లలు లేరు. ఎందుకు లేరో, దాని కోసం ఎన్ని ఆస్పత్రులు తిరిగిందో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ రోజు తెలియకపోయినా, అనకూడని మాట ఏదో అమ్మ అనేసిందని మాత్రం నా ఒంటికి తెలిసింది. అమ్మకీ తెలిసింది, తల దించేసుకుంది. బకెట్‌లో నీళ్ళు మారుస్తున్న పిన్ని వీపు మా వైపే ఉంది. సీసాలు ఒక్కొక్కటే నింపుతూ మా వైపు తిరగలేదు. నాకు ఏడుపు వచ్చేసింది. పిల్ల చచ్చిపోతుందని కొంత, వీళ్ళిద్దరూ ఇంక ఎప్పటికీ మాట్లాడుకోరేమోనని కొంత.

పిన్ని తిరిగి వచ్చి అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మ చెయ్యి పట్టుకుని, చిటికెన వేలు పిల్ల నోట్లో పెట్టించింది. "నువ్వే చూడు" అని మెల్లగా అంది. అమ్మ చూసింది. ఆ చలి వేలికి తగిలాక అమ్మ ఇంక పంచదార నీళ్ళ ఊసు ఎత్తలేదు. పిల్లని ఇంకా దగ్గరికి లాక్కుని, గడ్డం దాని తల మీద ఆనించి, దాని వీపు అరచేత్తో రుద్దుతూ కూర్చుంది. నన్ను చిన్నప్పుడు జ్వరం వస్తే ఎలా పట్టుకునేదో అలాగే. పిన్ని అమ్మ భుజాలకి ఇంకో వేడి టవల్ చుట్టింది. అప్పుడు గమనించాను, అమ్మ కూడా వణుకుతోంది.

అలా ఎంతసేపు గడిచిందో చెప్పలేను. నా వంతుకి వేలు పెట్టి చూడడం, ఇంకా చల్లగానే ఉందనడం, మళ్ళీ టవల్స్ కోసం పోవడం. ఒకసారి పిల్ల తల పక్కకి వాలిపోయింది. పిన్ని చెవి దాని పక్కటెముకల మీద పెట్టి విని, ఉంది, ఉంది అంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుడి పేరో. ఆ తర్వాత ఒకసారి వేలు పెడితే నాకు తేడా తెలిసింది. వెచ్చగా అనలేను కానీ చల్లగా లేదు. పిన్ని థర్మామీటర్ చూసి మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలింది. ఇంకాసేపటికి అమ్మ జాకెట్ లోపలి నుంచి, దోమ రొదకన్నా కొంచెం పెద్దగా, ఒక హమ్ వినిపించింది. తల్లి అల్పాకా గడ్డి నమలడం ఆపేసి మెడ చాచింది.

సరిగ్గా ఆ సమయానికే పాలు వచ్చాయని చెప్తే కథలా ఉంటుంది. నిజానికి డైరీ అంకుల్ ట్రక్కు ఇంకా చాలాసేపటికి వచ్చింది. ఆ మధ్య కాలమే అన్నిటికన్నా కష్టంగా గడిచింది. పిల్ల సిద్ధంగా ఉంది, పాలు లేవు. గంటలు దొర్లిపోతున్నాయని ముగ్గురికీ తెలుసు. చివరికి ఆయన తడిసిన టోపీతో లోపలికి వచ్చి, రాయిలా గడ్డకట్టిన ఒక బాటిల్ అందించాడు. ఫ్రీజర్ అడుగున ఇదొక్కటే దొరికిందన్నాడు. పిల్లని నేను పట్టుకున్నాను. అమ్మ ఆ బాటిల్ అందుకుని వంటింటి వైపు నాలుగు అడుగులు వేసింది. పాలు చేతికొస్తే స్టవ్ మీద పెట్టి కాచడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత అలవాటు. కాచకుండా పసిపిల్లలకి పాలు పట్టే ఇల్లు మనలో ఎక్కడైనా ఉందా. గుమ్మం దగ్గర ఆగిపోయింది. వెనక్కి తిరిగి వచ్చి, "ఎలా కరిగించాలో చెప్పవే" అంది. మా అమ్మ మా పిన్నిని ఏదైనా ఎలా చేయాలని అడగడం నేను వినడం అదే మొదలు.

చెయ్యి ఓర్చుకునే వేడి నీళ్ళలో బాటిల్ ఉంచి, చల్లారినప్పుడల్లా నీళ్ళు మార్చాలి. వేడి ఎక్కువైతే అందులోని శక్తి చచ్చిపోతుంది, గడ్డకట్టి జున్నవుతుంది. అమ్మ ఆ బకెట్ ముందు గొంతుక్కూర్చుని చెయ్యి నీళ్ళలోంచి తియ్యలేదు. పాలు కరిగాక పిన్ని వాటిని చిన్న పాలసీసాలో పోసి, పిల్లని కాళ్ళు మడిచి కూర్చున్నట్టుగా పెట్టి, తల మరీ పైకెత్తకుండా పాలపీక నోటికి ఆనించింది. పిల్ల మొహం తిప్పేసుకుంది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ తిప్పేసుకుంది. పాలు పెదవుల మీంచి కారిపోతున్నాయి. ఉన్నది ఒక్క బాటిల్.

పిన్ని అమ్మ వైపు చూసి చున్నీ అడిగింది. ఈ పిల్లలు పాలు వెతుక్కునేది తల్లి పొట్ట కింద, చీకట్లో. వెలుతురులో మనుషుల మొహాలు చూస్తూ వాటికి తాగడం తెలియదు. అమ్మ మెడలోంచి చున్నీ తీసి పిల్ల తల మీదుగా, సీసా మీదుగా కప్పింది. తల్లి మూతితో తడిమినట్టు, తోక మొదట్లో మునివేళ్ళతో మెల్లగా తట్టమని పిన్ని చెప్తే అమ్మ తట్టింది. చున్నీ కింద ఏం జరుగుతోందో మాకు కనిపించదు. ఒక దగ్గు వినిపించింది. పిన్ని వెంటనే సీసా తీసేసి ఆగింది. మళ్ళీ పెట్టింది. తర్వాత సన్నగా చప్పరింత, ఒక గుటక, ఇంకో గుటక. డైరీ అంకుల్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు వచ్చి, ఊపిరితిత్తులు విని, శుభ్రంగా ఉన్నాయంది. మిగిలిన పాలు విడతలుగా పట్టమంది. ఇంకా గండం గడవలేదు, కానీ గడిచే అవకాశం ఉందంది. అందరం వంటింట్లోకి వచ్చేసరికి కుక్కర్‌లో జున్ను అలాగే ఉంది. దాన్ని చూడగానే అమ్మ మొహం పాలిపోయింది. పిన్ని చాకు తీసుకుని ముక్కలు కోసి, ముందు డైరీ అంకుల్‌కీ డాక్టరుకీ పెట్టింది. ఆయన రెండోసారి అడిగి తిన్నాడు. తన ఆవు పాలతో ఇలాంటిది చెయ్యొచ్చని ఇన్నేళ్ళుగా తనకెవరూ చెప్పలేదన్నాడు. నాకూ నచ్చింది. అమ్మ ముట్టుకోలేదు. పిన్ని ఒక ముక్క తీసి అమ్మ నోటి దగ్గర పెట్టి, నోరు తెరిచేదాకా చెయ్యి దించలేదు.

మర్నాటికి తల్లికి పాలు పడ్డాయి. పిల్ల కాళ్ళు వణుకుతూ లేచి, పడి, లేచి, తల్లి పొట్ట కిందికి తనంతట తానే దూరింది. మేము బయల్దేరే ముందు అమ్మా పిన్నీ వంటింటి బల్ల దగ్గర కాఫీ తాగుతున్నారు. నేను పక్క గదిలో బూట్లు వేసుకుంటున్నాను. అప్పుడు పిన్ని, మామూలు గొంతుతో, ఇలా అంది. "అక్కా, రెండు విషయాలు చెప్పాలి. నా ఫ్రీజర్‌లోంచి ఏం తీసినా ముందు నన్నడుగు. రెండోది, నిన్న బార్న్‌లో అన్న మాట ఇంకెప్పుడూ నాతో అనకు. నేను పడలేను." అంతే. గొంతు పెంచలేదు, ఏడవలేదు. అమ్మ ఏడ్చింది. ఏడుస్తూనే, "అననే. చచ్చినా అనను" అంది. అనలేదు కూడా. పెంటికల మాట కూడా ఆ తర్వాత ఆమె నోట మళ్ళీ వినలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు పిల్లని చూద్దామని పిన్నితో కొట్టంలోకి వెళ్ళాను. అమ్మ మీద నిన్ననే కోపం వచ్చిందా అని అడిగాను. చాలా వచ్చిందంది. మరి నిన్ననే ఎందుకు అనలేదంటే, పిల్ల చెవి వెనక గోకుతూ, "నిన్న మీ అమ్మ కూడా చలిలోనే ఉంది కదా నాన్నా. ఏం పోసినా గొంతుకి అడ్డం పడేది" అంది. నాకు అప్పుడు సగమే అర్థమైంది.

మిగతా సగం అర్థం కావడానికి నేను తల్లిని కావలసి వచ్చింది. కిందటి చలికాలం ఒక సాయంత్రం మా అమ్మాయి ఫోన్ చేసింది. కారు రెడ్ లైట్ దాటేసి ఇంకో కారుని గుద్దింది, తప్పు తనదే, అవతలి కారులో చిన్న పాప ఉంది. పాపకేమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. నేను అక్కడికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. ఎన్నిసార్లు చెప్పాను, ఫోన్ చూస్తున్నావా, ఆ పాపకి ఏమైనా అయి ఉంటే. అమ్మ కూతుర్నే కదా, ఆ మాటలు నాకు వెతుక్కోనక్కర్లేకుండా వస్తాయి. దగ్గరికి వెళ్ళేసరికి అది ఫుట్‌పాత్ మీద కూర్చుని, ఎవరో ఇచ్చిన దుప్పటి పక్కన పడిపోయినా తెలియకుండా, రోడ్డు వైపే చూస్తోంది. చేతులు పట్టుకున్నాను. మంచుముక్కల్లా ఉన్నాయి.

నా కోటు విప్పి దానికి తొడిగాను. పక్కన కూర్చుని ఒళ్ళోకి లాక్కున్నాను. అది ఏదో చెప్పబోతే తర్వాత చెబుదువు గాని అన్నాను. ఫోన్ చూస్తున్నావా అన్న ప్రశ్న నా నాలుక చివరే ఉంది, అడిగి తీరవలసిన ప్రశ్నే అది. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక అడిగాను. అవునమ్మా, చూస్తున్నాను అని నా మొహంలోకి చూసి చెప్పింది. ఆ జవాబు ఆ రోడ్డు పక్కన నాకు దొరికేది కాదని నాకు తెలుసు.